ఎమ్మెస్సీ కెమిస్ట్రీకి మా అమ్మాయిని ఎక్కడ చేర్చమంటారు? (సఖినేటిపల్లి నుంచి)

లేసుదారం:

అందరికీ నమస్కారమండి. మాది సఖినేటిపల్లి నుంచి అంతర్వేది వెళ్లే దారిలో ఒక పల్లెటూరు. నేను ఇంటరు మధ్యలో ఆపేసిన మనిషిని. ఇంటి దగ్గర లేసు అల్లుతాను, మా ఆయన మస్కట్‌లో డ్రైవరు. యూనివర్సిటీల గురించి మా ఇంట్లో ఎవరికీ తెలీదు. తెలీకపోయినా అందరూ చెబుతూనే ఉన్నారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మా చిన్నమ్మాయి నర్సాపురం వై.ఎన్. కాలేజీలో బీఎస్సీ చదివింది. మూడేళ్లూ పొద్దున్నే రేవుకెళ్లి పంటెక్కడం, గోదారి దాటడం, సాయంత్రం మళ్లీ పంటు మీదే రావడం. వాన పడితే పుస్తకాలు చున్నీలో చుట్టుకుని తను తడిసి వచ్చేది. కెమిస్ట్రీ అంటే పిచ్చి. ఎమ్మెస్సీ ఆర్గానిక్ చేస్తానంటుంది. మన రాష్ట్ర యూనివర్సిటీల్లో పీజీకి పెట్టే పీజీసెట్ రాసింది, సెంట్రల్ యూనివర్సిటీలకి పెట్టే సీయూఈటీ కూడా రాసింది. రెండింటిలోనూ మార్కులు బాగానే వచ్చాయి.

ఇప్పుడు మా ముందు మూడు పేర్లున్నాయి. రాజమండ్రిలో నన్నయ యూనివర్సిటీ, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ, హైదరాబాద్‌లో సెంట్రల్ యూనివర్సిటీ. ఇవి కాక ఇంకో రాష్ట్రం ప్రైవేటు యూనివర్సిటీ వాళ్లు రోజుకు మూడుసార్లు ఫోన్ చేస్తున్నారు. వాళ్ల పుస్తకంలో ఈత కొలను బొమ్మ ఉంది. గోదారి పక్కన పుట్టిన పిల్లకి ఈత కొలను చూపిస్తున్నారు.

మా బావగారు రాజమండ్రి అంటున్నారు. ఆదివారం ఆదివారం ఇంటికి రావచ్చు, ఆడపిల్ల కళ్ల ముందుంటుంది అని ఆయన లెక్క. మా తమ్ముడు కూకట్‌పల్లిలో ఉంటాడు, వాడేమో హైదరాబాదే అంటాడు. మా ఆయన వీడియో కాల్‌లో "పేరున్నది చూడండి, డబ్బు సంగతి నేను చూసుకుంటాను" అని పెట్టేశారు. పేరున్నది అంటే ఏంటో, ఎవరి దగ్గరున్న పేరో ఆయన చెప్పలేదు.

దూరం సంగతి నాకో లెక్కుంది. చదువుకున్నవాళ్లు నవ్వుతారేమో. నేను కిలోమీటర్లు చూడను, పిల్ల చేతిలో బ్యాగుతో ఎన్నిసార్లు దిగి ఎక్కాలో చూస్తాను. రాజమండ్రి మాకు దగ్గరే. కానీ రాజోలు వెళ్లాలి, అక్కడ బస్సెక్కి రావులపాలెం మీదుగా రాజమండ్రి చేరాలి, అక్కణ్నుంచి మళ్లీ రాజానగరం వైపు బండి పట్టుకోవాలి. విశాఖకి రైల్లో వెళ్లాలంటే పంటు దాటి, నర్సాపురంలో ఎక్కి, నిడదవోలులో మారాలి. బస్సయితే పగలంతా కూర్చోవడమే. అందరికంటే దూరం హైదరాబాదు. కానీ రేవు దాటితే నర్సాపురం స్టేషను, రాత్రి బండెక్కి పడుకుంటే తెల్లారి లింగంపల్లి. ఆ యూనివర్సిటీ లింగంపల్లికి దగ్గరేనని తమ్ముడు చెప్పాడు. అంటే దూరంగా ఉన్నదే మాకు దగ్గరా? ఈ లెక్క సరైనదేనా?

ఇంకో మాట. లేసు కొనేవాళ్లు ముందువైపు చూసి మురిసిపోరండి. వెనక్కి తిప్పుతారు, ముడులెక్కడ వేశామో, దారం కొసలు ఎలా దాచామో చూస్తారు. యూనివర్సిటీని అలా వెనక్కి తిప్పి చూడాలంటే ఏమడగాలి? హాస్టల్లో పిల్ల బతుకు ఎలా ఉంటుంది? దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి. మా అమ్మాయినడిగితే "నాకు ల్యాబ్ బాగుంటే చాలమ్మా" అని ఊరుకుంటుంది.


వాల్తేరు పాతకాపు:

లేసుదారం గారూ, నేను 1997–99లో ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేశాను. ఇప్పుడు అమలాపురంలో జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతున్నాను. మీ ఉత్తరం చదివి మా అమ్మ గుర్తొచ్చింది. నన్ను దింపడానికొచ్చి, ఔట్‌గేటు దగ్గర నిలబడి, సముద్రం ఇంత దగ్గరుంటే పిల్ల చదువుతుందా అని బెంగపెట్టుకుంది.

పేరు గురించి అడిగారు కాబట్టి మా వాళ్ల గొప్ప ముందు చెప్పేస్తాను. ఆంధ్రా యూనివర్సిటీ 1926లో బెజవాడలో మొదలై 1930లో విశాఖలోని వాల్తేరుకి వచ్చింది. కట్టమంచి రామలింగారెడ్డి గారు మొదటి వైస్ ఛాన్సలరు, తర్వాత 1931 నుంచి 36 దాకా సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు. సైన్సు కాలేజీకి ఒడిశా వైపు జయపూర్ మహారాజా విక్రమదేవ వర్మ గారు డబ్బిచ్చారు, దానికి ఆయన పేరే పెట్టారు. ఇక మన కెమిస్ట్రీకి అయితే టి.ఆర్. శేషాద్రి గారు. 1933లో వచ్చి 1949లో ఢిల్లీ వెళ్లేదాకా ఇక్కడే. పత్తి పూలకి ఆ రంగు ఎందుకొస్తుందో, అందులో ఏ పదార్థం ఉందో ఈ ల్యాబుల్లోనే విడదీసి చూశారు. తర్వాత లండన్ రాయల్ సొసైటీ ఫెలో కూడా అయ్యారు. మీ అమ్మాయి చేస్తానంటున్న ఆర్గానిక్ అంటే అదే.

ఇంత చెప్పాక అసలు మాట. శేషాద్రి గారి పేరు చూసి చేరితే మీ అమ్మాయికి పాఠం చెప్పడానికి శేషాద్రి గారు రారు. పేరు తాతలది, పాఠం ఇప్పుడున్న మాస్టారిది. కాబట్టి ఎక్కడికెళ్లినా ఈ ఒక్కటి అడగండి: ఆ డిపార్ట్‌మెంట్‌లో పర్మినెంటు మాస్టార్లు ఎంతమంది, గెస్టు ఫ్యాకల్టీ ఎంతమంది? మన రాష్ట్ర యూనివర్సిటీల్లో ఖాళీల సంగతి పేపర్లో వస్తూనే ఉంటుంది కదా. ఇద్దరు మంచి మాస్టార్లున్న చిన్న డిపార్ట్‌మెంటు పెద్ద బోర్డు కంటే నయం. వెబ్‌సైట్లో పేర్లుంటాయి, కానీ రిటైరైన వాళ్ల పేర్లు కూడా అలాగే ఉండిపోతాయి. అందుకని రెండో ఏడాది పిల్లనడగండి.

రెండోది ల్యాబు. మీ అమ్మాయి చెప్పింది బంగారం లాంటి మాట. పొద్దున పదకొండింటికి ల్యాబ్ దగ్గరికి వెళ్లి, ఒక్కో ప్రయోగం ఎంతమంది కలిసి చేస్తున్నారో చూడమనండి. ఒక్కరే చేస్తే చేయి తిరుగుతుంది. ఆరుగురు ఒక ఫ్లాస్కు చుట్టూ నిలబడితే ఒకడు కలుపుతాడు, ఒకడు రాస్తాడు, నలుగురు చూస్తారు. ఆ నలుగురిలో సిగ్గరి అమ్మాయి ఉంటుందని వేరే చెప్పక్కర్లేదు.

సీటు రెగ్యులరా, సెల్ఫ్ ఫైనాన్సా అన్నది కూడా కౌన్సెలింగ్‌లో జాగ్రత్తగా చూడండి. ఒకే తరగతి, ఒకే పాఠం, సెల్ఫ్ ఫైనాన్సుకి ఫీజు మాత్రం ఎక్కువ.

ఇక అక్కడి బతుకు... విశాఖ నా పక్షపాతం. వి.ఎస్. కృష్ణా లైబ్రరీలో చదివి, సాయంత్రం నలుగురం కలిసి బీచ్ రోడ్డు దాకా నడిచి, మరమరాలు తిని, వెనక్కి వచ్చి రికార్డులు రాసుకునేవాళ్లం. చదువయ్యాక ఉద్యోగం కావాలంటే పరవాడ ఫార్మా సిటీ ఊరి పక్కనే. మా బ్యాచ్‌లో సగం మంది మందుల కంపెనీల్లోనే ఉన్నారు.


గట్టు మీద పెద్దాయన:

చెల్లెమ్మా, అందరూ పెద్ద పెద్ద మాటలు చెబుతున్నారు. నేను ఉన్నమాట చెబుతాను. ఎమ్మెస్సీ అయ్యేసరికి పిల్లకి ఇరవై మూడు. పెళ్లి చేయాలా వద్దా? ఎక్కడ చదివినా చివరికి సంబంధాల వాళ్లు అడిగేది పీజీ అయిందా లేదా అనే. ఏ యూనివర్సిటీ అని ఎవరూ అడగరు. మీ బావగారు చెప్పిందే సబబు. దగ్గర్లో చేర్పించండి, ఖర్చు తగ్గుతుంది, ఆ డబ్బు పెళ్లికి పనికొస్తుంది. హైదరాబాదు వెళ్లిన పిల్లలు తిరిగి ఊరికి రారు. మా ఇంట్లోనే చూశాం.


లేసుదారం:

అన్నయ్యగారూ, మీ మాట మా బావగారికి చదివి వినిపించాను. చాలా సంతోషించారు.

కానీ ఒకటి. మా పెద్దమ్మాయికి పద్ధెనిమిదికే పెళ్లి చేశాం. అప్పుడూ ఇదే లెక్క వేశాం, దగ్గరి సంబంధం, మలికిపురం, ఏ పూటంటే ఆ పూట రావచ్చు అని. ఇప్పుడు తను కువైట్‌లో ఉంది. కాబట్టి కళ్ల ముందుండడం అన్నది మన చేతిలో ఉందని నేననుకోవడం లేదు. చిన్నదాని విషయంలో చదువు మాటే మాట్లాడుకుందామండి.


భీమవరం బ్యూరెట్టు:

పిన్నిగారూ నమస్తే. మాది భీమవరం పక్క పల్లె, నాన్నకి రొయ్యల చెరువులు. నేను హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసి అక్కడే పీహెచ్‌డీ చేస్తున్నాను. మీ లెక్కకి నవ్వలేదండి. నేనూ ఆ నర్సాపురం బండే ఎక్కుతాను, భీమవరంలో. పండగలకి ఆ బండిలో సగం బోగీ మన జిల్లా వాళ్లే, ఆవకాయ వాసనతో గుర్తుపట్టొచ్చు.

యూనివర్సిటీ 1974లో పెట్టారు. పాత బొంబాయి రోడ్డు మీద, గచ్చిబౌలికీ లింగంపల్లికీ మధ్యలో. మొదట ఇచ్చిన స్థలం రెండువేల ఎకరాల పైమాటే. అంతా బండరాళ్లు, పొదలు, చెరువులు, నెమళ్లు. కోనసీమ నుంచి వచ్చినవాళ్లకి మొదట చాలా ఎండిపోయినట్టు కనిపిస్తుంది, పచ్చదనానికి అలవాటుపడిన కళ్లు కదా. చలికాలం చర్మం పగులుతుంది, కొబ్బరినూనె సీసా తప్పకుండా పంపండి, షాపులో కొన్నది వేరు, మనింటిది వేరు.

నిజాలు చెబుతాను. మొదటి సెమిస్టరు ఏడుపొస్తుంది. నాకొచ్చింది. క్లాసులో కేరళ, ఒడిశా, బెంగాల్ పిల్లలుంటారు. అందరూ ఇంగ్లీషులో ప్రశ్నలడుగుతారు. నేను డిగ్రీలో ఇంగ్లీషు మీడియమే చదివాను, కానీ మాస్టారు తెలుగులో చెబితే ఇంగ్లీషులో రాసిన రకం. నోరు తెరిచి ఇంగ్లీషులో సందేహం అడగడం అక్కడికొచ్చాకే మొదలు. రెండు నెలలు వెనక బెంచీలో కూర్చున్నాను. ఒకరోజు ఒక మలయాళీ అమ్మాయి నా పక్కనొచ్చి, నీ నోట్సు చూపించు, మెకానిజంలో బాణాలు భలే చక్కగా వేస్తావు అంది. అప్పుడు తెలిసింది, ఇంగ్లీషు వాళ్లకి వచ్చు గానీ బాణాలు నాకొచ్చు అని. (మెకానిజం అంటే ఎలక్ట్రాన్లు ఎటు నుంచి ఎటు వెళ్లాయో బాణాలతో గీయడం. మీ అమ్మాయికి తెలుసులెండి.)

అక్కడ ఎక్కువమంది చూపు రీసెర్చి మీదే. సైన్సులో రీసెర్చి చేయాలనుకునేవాళ్లకి ఏడాదికి రెండుసార్లు సీఎస్‌ఐఆర్ నెట్ అనే పరీక్ష ఉంటుంది. అందులో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీ చేస్తూ నెలకి 37,000 ఫెలోషిప్ వస్తుంది, 2023 నుంచి ఆ లెక్క. మా నాన్నకి ఇది చెబితే నమ్మలేదు. చదువుకుంటే మనం కట్టాలి గానీ వాళ్లెందుకిస్తార్రా అన్నారు. మొదటి నెల పాస్‌బుక్కు చూపిస్తే అప్పుడు చెరువు గట్టు మీద అందరికీ చెప్పారు. అదే, ఎమ్మెస్సీ కాగానే ఫార్మా కంపెనీలో ఉద్యోగం కావాలనుకుంటే విశాఖ మేడమ్‌గారు చెప్పింది కరెక్టు, పరవాడ పక్కనుండడం లాభమే.

కాబట్టి ముందు మీ అమ్మాయిని అడగాల్సింది ఏ ఊరు అని కాదు, రెండేళ్ల తర్వాత ఏం చేద్దామనుకుంటున్నావు అని.

హాస్టలు జీవితం: రాత్రి పదిన్నరకి కూడా అమ్మాయిలు లైబ్రరీ నుంచి సైకిళ్ల మీద వస్తుంటారు. సాయంత్రం షాప్‌కామ్ అని ఒకచోట టీ తాగుతూ ప్రపంచంలో ఉన్న అన్ని విషయాల మీద గొడవపడతారు. సినిమాలు, నాటకాలు, ఉపన్యాసాలు, ఎన్నికలు అన్నీ ఉంటాయి. మొదటి ఏడాది ఇవన్నీ చూసి బెదిరిపోవచ్చు, లేదా వీటిలోనే పడి పరీక్షలు మర్చిపోవచ్చు. రెండు రకాలూ చూశాను.


ఫైళ్ల మనిషి:

అమ్మా, నేను కాకినాడలో ఒక కాలేజీ ఆఫీసులో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. వాళ్లంతా మనసు సంగతి చెప్పారు, నేను కాగితాల సంగతి చెబుతాను.

ర్యాంకుల గురించి. కేంద్రం వారి ఎన్‌ఐఆర్‌ఎఫ్ జాబితా 2016 నుంచి వస్తోంది. అందులో వందకి 30 మార్కులు బోధనకీ వనరులకీ, 30 పరిశోధనకీ, 20 చదువు పూర్తిచేసిన పిల్లల ఫలితాలకీ, 10 అన్ని వర్గాలకీ ప్రాంతాలకీ చోటిచ్చినందుకూ, మిగతా 10 జనంలో ఉన్న పేరుకీ. మీ ఆయనగారు చెప్పిన "పేరు" ఆ చివరి పదే. చాలావరకు లెక్కలు యూనివర్సిటీలు తాము పంపిన సమాచారం మీదే వేస్తారు. హాస్టల్లో నీళ్లు వస్తాయా, వార్డెన్ ఫోనెత్తుతుందా అన్నదానికి ఒక్క మార్కూ లేదు. పైగా కెమిస్ట్రీకి విడిగా జాబితా లేదు. మొత్తం యూనివర్సిటీకి వచ్చిన ర్యాంకు మీ అమ్మాయి కూర్చునే డిపార్ట్‌మెంటు గురించి తిన్నగా ఏమీ చెప్పదు. కాలేజీలనీ యూనివర్సిటీలనీ పరిశీలించి న్యాక్ సంస్థ ఇచ్చే గ్రేడూ అంతే. మంచి గ్రేడు లేకపోతే అనుమానించాలి, ఉన్నంత మాత్రాన నమ్మేయకూడదు.

తేదీల తిరకాసు ఒకటుంది. సెంట్రల్ యూనివర్సిటీ వారి అడ్మిషను ముందు వస్తుంది, మన పీజీసెట్ కౌన్సెలింగ్ తర్వాత వస్తుంది. అంటే అక్కడ ఫీజు కట్టేశాక ఇక్కడ సీటు వస్తుంది. భయపడకండి. సీటు వదులుకుంటే ఫీజు వెనక్కివ్వాలని యూజీసీ (యూనివర్సిటీలకి రూల్సు పెట్టే కేంద్ర సంస్థ) నిబంధన ఉంది. 2024లో ఇచ్చిన దాని ప్రకారం ఆ ఏడాది సెప్టెంబరు 30 లోపు వదులుకుంటే మొత్తం ఇవ్వాలి, అక్టోబరు 31 లోపయితే వెయ్యి రూపాయలకు మించి పట్టుకోకూడదు. ఈ ఏటి తేదీలు యూజీసీ వెబ్‌సైట్లో చూసుకోండి.

ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ వదిలిపెట్టకండి. చూసి ఇచ్చేయాలని యూజీసీ రూలే. నా సొంత కొడుకు సంగతి చెబుతాను. ఒక ప్రైవేటు కాలేజీలో చేర్చాను, మంచి బిల్డింగు, ఏసీ ఆఫీసు. నెల తర్వాత వాడికి వేరే చోట సీటొస్తే, ఒరిజినల్స్ ఇవ్వాలంటే నాలుగేళ్ల ఫీజు కట్టమన్నారు. నేనే కాలేజీ ఆఫీసు మనిషిని, అయినా నాలుగుసార్లు తిరిగితే గానీ చేతికి రాలేదు. ఈత కొలను బొమ్మ పంపినవాళ్లు ముందు ఏమడుగుతారో చూడండి. ఒరిజినల్స్ అడిగితే ఫోన్ పెట్టేయండి.

ఫీజు రీయింబర్స్‌మెంటు, స్కాలర్‌షిప్పు మీకు ఏ యూనివర్సిటీలో వర్తిస్తుందో చేరకముందే సచివాలయంలో కాదు, ఆ యూనివర్సిటీ స్కాలర్‌షిప్ సెక్షన్‌లో అడగండి. ఇస్తామన్నదొకటి, జమయ్యేదొకటి.


కొత్తపేట జయ:

అక్కా, నన్నయ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను. నేను అక్కడే ఎమ్మెస్సీ చేశాను. 2006లో పెట్టిన యూనివర్సిటీ, కాబట్టి ఆంధ్రా అంత పేరు ఉండదు, అది నిజం. పీజీ అవుతుండగా నాన్నకి డయాలసిస్ మొదలైంది. వారానికి రెండుసార్లు రాజమండ్రి హాస్పిటల్‌కి తీసుకెళ్లాలి. నేను క్యాంపస్ నుంచి వచ్చి కూర్చునేదాన్ని, అమ్మ ఇంటికెళ్లి తమ్ముడికి వండేది. విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఉంటే చదువు మానేసేదాన్నే. ఇప్పుడు నేను ఒక ల్యాబ్‌లో క్యూసీలో, అంటే సరుకు నాణ్యత పరీక్షించే చోట చేస్తున్నాను. ఇంటర్వ్యూలో ఎక్కడ చదివావని అడిగారు, చెప్పాను, తర్వాత టైట్రేషన్ (ఒక ద్రావణాన్ని చుక్కచుక్కగా ఇంకోదాంట్లో కలిపి కొలిచే ప్రయోగం) చేయించారు, ఎక్కడ ఆపాలో ఆ ఎండ్ పాయింట్ సరిగ్గా పట్టాను, తీసుకున్నారు.

దగ్గర అంటే చిన్నచూపు చూడకండి అని చెప్పడానికే ఇది. మీ ఇంట్లో అందరూ ఆరోగ్యంగా ఉంటే మాత్రం నేను కూడా పంపించమనే అంటాను. ఎందుకంటే మీ అమ్మాయి డిగ్రీ సర్టిఫికెట్ మీద ఇప్పటికే నన్నయ ముద్రే ఉంటుంది, వై.ఎన్. కాలేజీ దాని కిందే కదా. రెండోది వేరే చోటదైతే రెండు ఊళ్ల మాస్టార్లను చూసినట్టవుతుంది.


లేసుదారం:

అందరికీ దండాలండి. ఇన్ని మాటలు చెబుతారనుకోలేదు. జయా, నీ మాట చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను తల్లీ. మా అత్తగారికి షుగరుంది గానీ ఆవిడ నాకంటే గట్టిగా ఉంది.

పోయిన వారం విశాఖ వెళ్లొచ్చాం, నేనూ అమ్మాయీ. వాల్తేరు మేడమ్‌గారూ, మీరు చెప్పినట్టే పదకొండింటికి కెమిస్ట్రీ ల్యాబ్ దగ్గర నిలబడ్డాం. లోపలికి వెళ్లడానికి నాకు సిగ్గేసింది, చెప్పులు విప్పాలేమో అనుకున్నాను. అమ్మాయి వెళ్లింది. అరగంట రాలేదు. నేను వరండాలో కూర్చుని లేసు అల్లుకుంటున్నాను. అటుగా పోతున్న ఒక మాస్టారు ఆగి, ఇది నర్సాపురం లేసు కదమ్మా అన్నారు. ఆ ఒక్క మాటకే నా మనసు విశాఖకి అమ్ముడుపోయింది. సముద్రం, చెట్లు, ఆ పాత రాతి కట్టడాలు. ఇంటికొచ్చాక బావగారితో ఇక మాటలేదు, వాల్తేరే అని చెప్పేశాను.

రాత్రి అన్నం తింటూ అమ్మాయినడిగాను, భీమవరం బాబు చెప్పిన ప్రశ్న. రెండేళ్ల తర్వాత ఏం చేద్దామనుకుంటున్నావు అని. అది కంచంలో వేలితో గీతలు గీస్తూ, "నాకు ఉద్యోగం కంటే ముందు ఇంకా చదవాలనుందమ్మా, నాన్న ఒప్పుకుంటారో లేదోనని చెప్పలేదు" అంది. మూడేళ్లు పంటు మీద వెళ్లొస్తూ మనసులో పెట్టుకుందట. 37,000 సంగతి చెప్పాను. దానికి ముందే తెలుసు! నాకే ఎవరూ చెప్పలేదు.

మస్కట్‌కి ఫోన్ చేశాం. మా ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఎన్నేళ్లు?" అన్నారు. ఎమ్మెస్సీ రెండు, ఆ పైన నాలుగైదు అని అమ్మాయి చెప్పింది. "నేనిక్కడ పద్నాలుగేళ్లున్నాను, అది ఆరేళ్లు ఉండలేదా" అన్నారు.

సీయూఈటీ రెండో లిస్టులో హైదరాబాద్ సీటొచ్చింది. ఫైళ్ల మనిషి గారూ, ఫీజు కట్టాం, రసీదు తీసుకున్నాం, ఒరిజినల్స్ చూపించి వెనక్కి తీసుకోమని తమ్ముడికి నాలుగుసార్లు చెప్పాను. పీజీసెట్‌లో విశాఖ రెగ్యులర్ సీటొచ్చినా వెళ్లనంటోంది. బావగారు రెండు రోజులు అలిగారు. మూడో రోజు పెట్టె కొనుక్కొచ్చారు, చక్రాలున్నది. ఇసకలో ఆ చక్రాలు తిరగవు, రేవు దాకా నెత్తిన పెట్టుకెళ్లాలి, అది వేరే సంగతి.


లేసుదారం:

మళ్లీ నేనేనండి. నా దూరం లెక్క ఏమైందో చెప్పాలి కదా.

అమ్మాయి బయల్దేరాల్సిన రోజు పొద్దున గోదారి పొంగింది. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులు దాటి మొదటి హెచ్చరిక ఇచ్చేశారు. రేవుకెళ్తే పంటు కట్టేసి ఉంది. ఎర్రనీళ్లు, దుంగలు, గుర్రపుడెక్క కొట్టుకుపోతున్నాయి. ఎన్నిసార్లు దిగి ఎక్కాలో అన్నీ లెక్కపెట్టాను గానీ, అడ్మిషన్లు వచ్చేదీ వరదలు వచ్చేదీ ఒకే నెలల్లో అని నాకు తట్టనేలేదు. ఇక్కడే పుట్టి పెరిగిన మనిషిని!

చివరికి బావగారే ఆటో మాట్లాడి, రాజోలు వైపు తిరిగి, దిండి చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు తీసుకెళ్లారు. అదే బండి నర్సాపురంలో బయల్దేరి పాలకొల్లు వస్తుంది కాబట్టి అందింది. ప్లాట్‌ఫారం మీద ఆయనే పెట్టె ఎక్కించి, కిటికీ దగ్గర నిలబడి, "వచ్చేటప్పుడు పాలకొల్లులోనే దిగు, పంటు నమ్ముకోకు" అన్నారు. రాజమండ్రి అన్న మాట ఎత్తలేదు.

పొద్దున్నే "దిగాను, మావయ్య వచ్చాడు" అని మెసేజ్ పెట్టింది. సాయంత్రం హాస్టల్ గది ఫొటో పంపింది. ఇద్దరికి ఒక గది. రెండో అమ్మాయిది ఒడిశా అట. బల్ల మీద నేను అల్లిన లేసు గుడ్డ పరిచింది, దాని మీద ఫ్లాస్కు ఆకారంలో ఉన్న నీళ్ల సీసా.

భీమవరం బాబూ, ఒక్క సందేహం. హాస్టల్ గదిలో కరెంటు కెటిల్ పెట్టుకోనిస్తారా? దానికి రాత్రి పాలు తాగకపోతే నిద్ర పట్టదు.


భీమవరం బ్యూరెట్టు:

పిన్నిగారూ, గదిలో కరెంటు సామాన్లు పెట్టుకోకూడదు, వార్డెన్ చూస్తే తీసుకెళ్లిపోతారు. పాలు షాప్‌కామ్‌లో రాత్రి వేడిగానే దొరుకుతాయి, నేను చూపిస్తాను. రేపు సాయంత్రం ల్యాబ్ అయ్యాక మా డిపార్ట్‌మెంట్ మెట్ల దగ్గరికి రమ్మనండి, మన వైపు వాళ్లం నలుగురైదుగురం ఉంటాం. కొబ్బరినూనె పంపారా?


లేసుదారం:

రెండు సీసాలు పంపాను బాబూ. ఒకటి నీకు.